లాంచీ రాని రోజు పాఠం

నలభై మూడు.

పోయిన వారం ప్రిన్సిపాల్‌ని మనం ఆ అంకె ముందు కూర్చోబెట్టి వచ్చాం. బల్లకు అవతల బోర్డు నుంచి వచ్చిన తనిఖీ అధికారి, ఇవతల ఆమె, మధ్యలో రెండు పుస్తకాలు. ఒకటి కాలేజీ హాజరు పట్టీ. రెండోది లాంచీ పుస్తకం. గాలి ఎక్కువై ఒడ్డు నుంచి దీవికి లాంచీ కదలని రోజులు రెండేళ్ళలో నలభై మూడు. ఒడ్డు నుంచి రావలసిన నర్సింగ్ లెక్చరర్ ఆ నలభై మూడు రోజులూ క్లాసు చెప్పినట్టు పట్టీలో సంతకం ఉంది.

"ఈయనేమన్నా ఈదుకుంటూ వచ్చేవాడామ్మా?" అని అధికారి నవ్వకుండా అడిగాడు.

నిజానికి ఆయన దీవికి వచ్చింది ఆ లెక్క తేల్చడానికి కాదు. ఇరవై ఆరు రోజుల కిందట దీవి ఆరోగ్య కేంద్రంలో ఒక మనిషి ఇంజక్షన్ పడిన పది నిమిషాలకు ప్రాణం వదిలింది. పోయినావిడ ప్రిన్సిపాల్‌కి స్వయానా వదిన. ఇంజక్షన్ చేసింది ఆ వదిన కన్న కూతురే. ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల. ఈ కాలేజీలో మొదటి బ్యాచి నర్సింగ్ చదివి, సర్టిఫికెట్ పుచ్చుకుని, ఆ ఆరోగ్య కేంద్రంలోనే ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. మందు పడుతుందో లేదో చర్మం మీద ముందుగా పరీక్ష చెయ్యకుండా సూది వేసిందని పోలీసు కేసు సిద్ధంగా ఉంది.

అధికారి చెడ్డవాడు కాదు. అదే పెద్ద చిక్కు. "లాంచీ రాకపోతే మాత్రం? చేపల పడవలో వచ్చాడని రాసివ్వండి. నేను నమ్ముతాను. నమ్మడమే నా ఉద్యోగం" అన్నాడు. అలా రాస్తే కాలేజీ బతుకుతుంది. కాని పాఠాలన్నీ జరిగాయని రాసినట్టవుతుంది. పాఠం విని కూడా పరీక్ష చెయ్యని పిల్ల జైలుకు పోతుంది. రాలేదని రాస్తే పిల్లకు దారి దొరుకుతుంది, కాలేజీకి తాళం పడుతుంది, ఇరవై నాలుగు మంది సర్టిఫికెట్లు చిత్తు కాగితాలవుతాయి.

"రేపు పదకొండింటికి" అని గడువిచ్చి, రెండు పుస్తకాలనూ ఫోన్‌లో ఫొటోలు తీసుకుని, ఎవరివి వాళ్ళకు తిరిగి ఇచ్చేసి ఆయన లేచాడు.

ప్రిన్సిపాల్ మాత్రం కుర్చీలోంచి లేవలేకపోయింది. దీవి మొత్తం మీద లాంచీ పుస్తకం ఉండేది ఒక్కరి దగ్గరే. లాంచీ నడిపే సరంగు దగ్గర. అంటే, పోయిన వదినకు మొగుడు, పిచ్చుకకు తండ్రి, తన తోడబుట్టిన అన్న.

*

తెల్లవారాక ఆమె ముఖం కడుక్కుని, హాజరు పట్టీ సంచిలో వేసుకుని నేరుగా రేవుకు వెళ్ళింది. ఏడింటి లాంచీకి జనం అప్పుడే చేరుతున్నారు. కోళ్ళ గంపతో కూర్చున్న ఒకావిడ ఆమెను చూసి చోటిస్తున్నట్టు పక్కకు జరిగింది.

"ఏంటి మేడమ్, మీరు కూడా ఎక్కేస్తున్నారా? మీ దగ్గర చదివినోళ్ళు నలుగురు పోయిన నెల్లోనే ఎక్కేశారు. ఇంకెవరున్నారని చూస్తున్నా."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ప్రిన్సిపాల్ నవ్వలేదు. ఇంజను రిపేరు చదివిన నలుగురూ ఒడ్డున పెద్ద వర్క్‌షాపులో చేరిన మాట నిజం. దీవి పడవలు బాగుచేసుకునేందుకు దీవి పిల్లలకే పని నేర్పాలని ఆ కోర్సు పెట్టారు. పని వచ్చిన మరునాటి నుంచే వాళ్ళు దీవిలో ఇమడలేదు.

"ఎక్కను. మీ సరంగుతో మాటుంది" అంది.

"మాటలాడతాడా? ఈ మధ్య టిక్కెట్టుకి చిల్లర కూడా చేత్తోనే చెప్తున్నాడు."

చుక్కాని గదిలో ఇద్దరు మనుషులు నిలబడితే మూడోవాడికి గాలాడదు. డీజిలు వాసన, తడి మోకు వాసన. అన్న చుక్కాని చక్రానికి నూనె గుడ్డ పెట్టి తుడుస్తున్నాడు. చెల్లెలు లోపలికి రాగానే తుడవడం ఆపలేదు.

"ఎందుకిచ్చావన్నయ్యా?"

"సర్కారువాడు పుస్తకం అడిగితే సరంగు ఇవ్వాలి."

"ఆయనకి లాంచీ పుస్తకం అనేది ఒకటుంటుందనే తెలీదు. దారి పొడుగునా బకెట్లో తలపెట్టుకుని వచ్చిన మనిషి. ఆయన అడగలేదు. నువ్వే చేతిలో పెట్టావు."

గుడ్డ ఆగింది. "పెట్టాను."

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. దారంతా కూడబెట్టుకున్న కోపానికి ఒక్కసారిగా కాళ్ళు విరిగాయి.

"ఈ కాలేజీ కావాలని ఇంటింటికీ తిరిగి వేలిముద్రలు వేయించింది ఎవరు? నేనొక్కదాన్నేనా? ఐసు ఫ్యాక్టరీ మూసేస్తే ఆ బిల్డింగు మనకివ్వమని ఆఫీసరు కాళ్ళ దగ్గర కూర్చున్నది ఎవరు? నువ్వు కాదూ?"

"నేనే. ఎందుకు కూర్చున్నానో కూడా చెప్పు."

అతనే చెప్పాడు.

"ఈ చక్రం పట్టుకుని పదకొండుమందిని సగం దారిలోంచి వెనక్కి తిప్పుకొచ్చాను. ప్రాణం ఉన్నంతసేపు ఒడ్డు వైపు, పోయాక దీవి వైపు. పురుటి మనుషులు, పాము కరిచినవాళ్ళు, ఒక చంటిది. మందు ఇవ్వడం తెలిసిన మనిషి తనకి తోడు ఇంకొక్కరుంటే వాళ్ళలో సగం మంది బతికేవాళ్ళని ఆరోగ్య కేంద్రం నర్సమ్మ అంది. అందుకు కూర్చున్నాను కాళ్ళ దగ్గర." అతను గుడ్డను మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కాలేజీ వచ్చింది. మందు ఇవ్వడం తెలిసిన మనిషి మా ఇంట్లోనే తయారైంది. పన్నెండో శవం కూడా మా ఇంట్లోంచే లేచింది. దానికి లాంచీ కూడా అక్కర్లేకపోయింది."

"అది ప్రమాదం అన్నయ్యా."

"అవునా?" పైనున్న అరలోంచి లాంచీ పుస్తకం తీశాడు. అతను అట్టే చదువుకోలేదు. పెద్ద పెద్ద అక్షరాలు, రోజుకో గీత. గాలి ఎటునుంచి వీచింది, ఎంతమంది ఎక్కారు, ఎన్నింటికి కదిలింది. వేలు నాలికకు అద్దుకుని పేజీలు తిప్పి ఒక చోట ఆపాడు. "నీ సంచిలో పట్టీ ఉందిగా. తియ్యి. కిందటేడు జూలై పంతొమ్మిది."

"ఆ నలభై మూడింట్లో అదొకటి. ఒప్పుకుంటాను."

"నేను ఒప్పుకోమనట్లేదు. చదవమంటున్నాను. ముందు నాది చదువు."

"'గాలి. కదల్లేదు.'"

"ఇప్పుడు నీది."

ఆమె పట్టీ తెరిచింది. జూలై పంతొమ్మిది వరుస. లెక్చరర్ సంతకం, ఎప్పటిలాగే కుడివైపు తోక లాగి పెట్టినది. పన్నెండుమంది విద్యార్థుల పొడి సంతకాలు. పక్కన 'బోధించిన అంశం' అనే గడిలో తన సొంత దస్తూరి.

ఆమె వేలు ఆ గడి మీదే ఆగింది.

"పైకి చదువు" అన్నాడు అన్న.

"'ఇంజక్షనుకు ముందు చర్మ పరీక్ష. వికటించే గుర్తులు. విరుగుడు.'"

"ఇంకా ఏదో ఉంది కింద."

"'విద్యార్థుల సందేహాలు తీర్చబడినవి.'"



*

ఆ సంతకాలకు దీవిలో ఒక పేరుంది. గాలి సంతకాలు.

దాన్ని మోసం అని ఎవరూ అనుకోలేదు. సదుపాయం అనుకున్నారు. ఏడాదికి నూట ఎనభై రోజులు క్లాసులు జరగాలి, డిగ్రీ ఉన్న లెక్చరరే చెప్పాలి అని బోర్డు నియమం. ఆ నియమం రాసినవాడు లాంచీ ఎక్కినవాడు కాదు. గాలి రోజుల్ని తీసేస్తే దీవికి మిగిలేవి నూట యాభై తొమ్మిదో, నూట అరవయ్యో. అందుకని లెక్చరర్ శనివారం వెళ్ళేముందు రాబోయే వారానికి కూడా సంతకాలు పెట్టేసి వెళ్ళేవాడు. లాంచీ వస్తే సరే. రాకపోతే, ముప్పై ఏళ్ళు ఆరోగ్య కేంద్రంలో పనిచేసి రిటైరైన నర్సమ్మ వచ్చి పాఠం చెప్పేది. డిగ్రీ లేదు కాని ఆవిడ చేతికి తెలియని నరం లేదు. దర్జీ కుట్టిచ్చిన గోనెసంచీ బొమ్మను మంచం మీద పడుకోబెట్టి, "ఈ మావయ్య అరవడు, రేపు నిజం మావయ్య అరుస్తాడు, చెయ్యి వణక్కూడదు" అంటూ నేర్పేది. కాబట్టి పాఠం జరిగేది. సంతకం మాత్రం వేరొకరిది. అందులో తప్పేముందని ప్రిన్సిపాల్ రెండేళ్ళు తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది. నిన్న అధికారి ముందు కూడా మనసులో చెప్పుకున్నది ఆ ముక్కే.

నలభై మూడు రోజుల్లో నలభై రెండింటికి ఆ సమాధానం సరిపోతుంది.

జూలై పంతొమ్మిదిన నర్సమ్మ కూడా రాలేదు. దీవి చివర దీపస్తంభం దగ్గర ఎవరికో నొప్పులు మొదలైతే తెల్లవారుజామునే వెళ్ళిపోయింది. తడిసి వచ్చిన పిల్లల చేత పట్టీలో పొడి సంతకాలు పెట్టించి ప్రిన్సిపాలే ఇళ్ళకు పంపేసింది. సాయంత్రం తన గదిలో కూర్చుని పట్టీ ముందేసుకుంది. గడి ఖాళీగా ఉంటే బోర్డుకు అనుమానం. సిలబస్ పుస్తకం తీసి చూస్తే వరుసలో తరవాతి అంశం అది. చూసి రాసింది. రాస్తున్నప్పుడు అది ఏం పాఠమో కూడా మనసుకు ఎక్కలేదు. కాలేజీ నడపడంలో ఇదొక పని, గంట కొట్టించడం, బల్లలు తుడిపించడంలాగే. సందేహాలు తీర్చబడినవి. అదయితే సిలబస్‌లో కూడా లేదు. చూడ్డానికి బాగుంటుందని చేర్చింది. మరునాడు నర్సమ్మ వచ్చి ఆ తరవాతి పాఠం ఎత్తుకుంది. పట్టీలో ఉన్నదాన్ని మళ్ళీ చెప్పించాలని ఎవరికి తోస్తుంది?

"మొన్న పిచ్చుక పాత పుస్తకాలు నేను అటక మీద పెడుతుంటే సిలబస్ కాగితం కింద పడింది" అన్నాడు అన్న. "ఒక్కో పాఠం పక్కనా తారీఖు వేసుకుంది పిల్ల. కేసులో వాళ్ళు పట్టుకున్న పాఠం ఇదేనని నాకు తెలుసు. పక్కనే తారీఖు. నా పుస్తకంలో చూశాను. గాలి."

"నాకు గుర్తే లేదన్నయ్యా. ఒట్టు."

"నీకెందుకుంటుంది? నీకది ఒక గడి."

ఆ మాట పడాల్సిన చోటే పడింది. ఆమె పట్టీ మూసింది. మూసినా ఆ గడి కళ్ళ ముందు తెరుచుకునే ఉంది.

"ఏం చెయ్యమంటావు?"

"పాఠం చెప్పలేదని రాసియ్యి. పిల్లకి ఎవరూ నేర్పలేదు, తెలీక చేసింది. అదొక్కటే దానికి దారి. పెళ్ళాన్ని ఎలాగూ తెచ్చుకోలేను. కూతుర్నయినా ఉంచుకోనియ్యి."

"మిగతా ఇరవై మూడు మందో? వాళ్ళలో తొమ్మిదిమంది ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు. ఒక్క గీతతో అందరూ రోడ్డున పడతారు. రేపట్నుంచి ఆరోగ్య కేంద్రంలో కట్టు కట్టే మనిషి ఉండదు. మళ్ళీ నువ్వే జనాన్ని ఎక్కించుకుని ఒడ్డుకి పరిగెత్తాలి. సగం దారి నుంచి తిరిగి రావాలి. అది ఆలోచించావా?"

"వాళ్ళ సంగతి వాళ్ళ నాన్నలు చూసుకుంటారు."

"పిచ్చుక ఏమంటోంది?"

అన్న కిటికీ అద్దం లోంచి సముద్రం వైపు తిరిగాడు. "అది నాతో మాట్లాడదు. ఇరవై ఆరు రోజులైంది. కంచం పెడితే తింటుంది. తీస్తే లేస్తుంది. అంతే."

"తల్లి పోయిన దుఃఖం."

"ఆ" అన్నాడు అతను. "ఏడవుతోంది. దిగు. కూత వెయ్యాలి."

*

ఐసు ఫ్యాక్టరీ గోడలు మూరెడు మందం. లోపల ఎంత ఎండకైనా చల్లగానే ఉంటుంది. ఐసు దిమ్మలు జార్చిన ఏటవాలు గచ్చు మీదే ఇప్పుడు బల్లలు వేశారు. ముందు వరుసలో కూర్చున్నవాళ్ళ పెన్నులు దొర్లి గుమ్మం దాకా పోతాయి. ప్రిన్సిపాల్ ఆ ఉదయం ప్రతి గదిలోకీ వెళ్ళి చూసింది. ఇంజను గదిలో కుర్రవాళ్ళు ఒక పాత మోటారు విప్పి, తిరిగి బిగించాక మిగిలిపోయిన మూడు నట్లను ఎవరి జేబులో వెయ్యాలా అని వాదించుకుంటున్నారు. కంప్యూటర్ గదిలో కరెంటు లేదు. నర్సింగ్ గదిలో గోనెసంచీ మావయ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు. రెండు చేతులూ సూదిపోట్లతో తూట్లు పడి, లోపలి నార బయటికొచ్చింది.

అది ఆమె కట్టించిన ప్రపంచం. ఇందులో ఆమెకు తెలియకుండా ఒక్క మేకు లేదు. పదిహేడేళ్ళ కింద ఒడ్డున మంచి ఉద్యోగం వదులుకుని వెనక్కి వచ్చినప్పుడు జనం పిచ్చిదన్నారు. దీవిలో పుట్టినవాళ్ళు చదువు కోసం దీవి విడవకూడదు అన్న ఒక్క పట్టుదలతో ఇదంతా నిలబెట్టింది. తీరా చూస్తే చదివినవాళ్ళు వెళ్ళిపోయారు. ఉన్న ఒక్క మేనకోడలి చేతిలో తను ఏం పెట్టింది? సూది పెట్టింది. దాన్ని ఎప్పుడు గుచ్చకూడదో చెప్పే పేజీ మాత్రం చింపేసి ఇచ్చింది.

పదకొండుకు అధికారి వచ్చాడు. సముద్రం ఇంకా కడుపులోంచి దిగినట్టు లేదు. జేబులో నిమ్మకాయ పెట్టుకుని మధ్యమధ్య వాసన చూస్తున్నాడు.

"రాశారా?"

"ఇక్కడే రాస్తాను."

ఆయన తెల్ల కాగితం ముందుకు తోశాడు. గొంతు తగ్గించాడు. "చూడండమ్మా, నేనూ వెనకబడ్డ చోటు నుంచి వచ్చినవాణ్ణే. ఇలాంటి కాలేజీలు ఒకసారి మూస్తే తిరిగి తెరవడం నా సర్వీసులో చూళ్ళేదు. చేపల పడవ. రెండే మాటలు. మీ మేనకోడలికి మంచి ప్లీడర్ని చూద్దాం."

"ఆ ప్లీడరు ఏం చెప్తాడు సార్? పాఠం విన్నాను, అయినా మా అమ్మని చంపుకున్నాను అని చెప్పిస్తాడా?"

ఆయన నిమ్మకాయ పక్కన పెట్టేశాడు.

అప్పటికి ఏడింటి లాంచీ తిరిగొచ్చింది. సరంగు తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. ప్రిన్సిపాల్ అన్న వైపు ఒక్కసారి చూసి పెన్ను తీసింది.

'కిందటి సంవత్సరం జూలై పంతొమ్మిదిన క్లాసు జరగలేదు. లెక్చరర్ రాలేదు. బదులు ఎవరూ చెప్పలేదు. బోధించిన అంశం అనే గడిలో ఉన్నది నా చేతిరాత. అది అబద్ధం. ఆ పాఠం విద్యార్థులకు అందకపోవడానికి బాధ్యత పూర్తిగా నాది.'

సంతకం పెట్టి తేదీ వేసింది. ఆరు వాక్యాలు. ఒక్కో వాక్యానికి ఒక్కో గది తలుపు మూసుకున్నట్టు అనిపించింది. ఇంజను గదిలోంచి కుర్రవాళ్ళ నవ్వు ఇంకా వినిపిస్తోంది. వాళ్ళకు రేపు చెప్పాలి.

అధికారి రెండుసార్లు చదివాడు. "ఏం రాశారో తెలిసే రాశారా?"

"తెలుసు."

"గుర్తింపు రద్దవుతుంది. మూడు కోర్సులకీ. మీ మీద కేసు."

"తెలుసు సార్. పిల్ల మీద ఉన్నది తీసేస్తారా, లేదా? అది చెప్పండి."

"నేర్పలేదని మీరే రాసిచ్చాక..." ఆయన కాగితం మడవబోయాడు. "తెలియక చేసిందనే అవుతుంది. నా రిపోర్టులో అలాగే రాస్తాను."

తలుపు దగ్గర సరంగు ఊపిరి వదిలిన చప్పుడు గదిలో అందరికీ వినిపించింది.

"క్లాసు జరిగింది సార్."

ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టడానికి ప్రిన్సిపాల్‌కి క్షణం పట్టింది. ఇరవై ఆరు రోజులుగా వాడని గొంతు, తుప్పు పట్టినట్టుంది. తండ్రి భుజాన్ని తప్పించుకుని పిచ్చుక లోపలికి వచ్చింది. ఉద్యోగానికి వేసుకెళ్ళే తెల్ల చీర కట్టుకుని ఉంది. తల దువ్వుకోలేదు.

"పిచ్చుకా, ఇంటికి పద" అన్నాడు సరంగు.

ఆమె అటు చూడను కూడా చూడలేదు. "మా అత్త రాసింది తనకి తెలిసినంతవరకు నిజమే సార్. ఆ రోజు కాలేజీలో క్లాసు జరగలేదు. మిగతా పదకొండుమందికీ జరగలేదు. నాకు జరిగింది."

"నీకొక్కదానికి ఎలా జరుగుతుందమ్మా?"

"అత్త ఇంటికి పొమ్మంటే నేను పోలేదు. నర్సమ్మ దీపస్తంభం దగ్గర పురుడు పోస్తోందని తెలిసి వానలో నడుచుకుంటూ వెళ్ళాను, సాయం చేద్దామని. పురుడయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. బాలింతకి సూది మందు వెయ్యాల్సొచ్చింది. నర్సమ్మ ముందు చర్మంలోకి చుక్క మందు ఎక్కించి, అరగంట కూర్చోబెట్టి, ఏం చూడాలో, ఎందుకు చూడాలో అన్నీ చెప్పింది. నా చేత చేయించింది కూడా. ఇంటికొచ్చి తారీఖు వేసుకున్నాను." పిచ్చుక నోటు పుస్తకం బల్ల మీద పెట్టింది. "చూసుకోండి."

అధికారి చూశాడు. ప్రిన్సిపాల్ తలకిందులుగానే చదివింది. ఒక్క అడుగు కూడా తప్పిపోలేదు. ఎర్రదనం ఎంత వస్తే ఆపెయ్యాలో, ఊపిరి ఆడకపోతే ఏ మందు, ఎంత, ఎక్కడ. తను సిలబస్ చూసి గడిలో దించిన మూడు ముక్కలకు అర్థం అక్కడ రెండు పేజీలుగా ఉంది.

కాలేజీని ముంచి కొన్న ప్రాణం. ఆ ప్రాణమే కళ్ళ ముందు నిలబడి నాకొద్దంటోంది.

"ఎందుకమ్మా?" అంది ప్రిన్సిపాల్. "నోరు మూసుకుని ఇంట్లో కూర్చుంటే బయటపడేదానివి. ఎందుకొచ్చావు?"

"నాకు నేర్పలేదని నువ్వు రాసేస్తే, అమ్మ ఎందుకు పోయిందో ఇంకెవరూ అడగరత్తా. అందుకొచ్చాను."

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఇప్పుడాయన గొంతులో మెత్తదనం లేదు. "అన్నీ తెలుసు. రాసుకున్నావు. చేతులారా చేశావు కూడా. మరి కన్నతల్లికి ఆ పరీక్ష ఎందుకు చెయ్యలేదు?"

"మొదలుపెట్టాను సార్. అమ్మ కాలికి మేకు దిగి చీము పట్టింది, జ్వరం. చుక్క మందు సిరంజిలోకి తీశాను. గుచ్చబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపేశారు. 'అరగంటా? నాలుగింటి లాంచీకి జనం కూర్చుని ఉన్నారు, నన్ను అరగంట ఇక్కడ నిలబెడతావా? మీ అమ్మకి ఏదీ పడకపోవడమనేది లేదు, ఇచ్చెయ్యి' అన్నారు. ఆ గొంతుకి ఎదురు చెప్పడం మా ఇంట్లో అమ్మకీ రాదు, నాకూ రాదు." పిచ్చుక చేతులు బల్ల అంచును పట్టుకున్నాయి. "మందు మొత్తం ఎక్కించాను. ఆయన లాంచీ కూత వేసేసరికి అమ్మకి ఊపిరి ఆడట్లేదు. విరుగుడు ఎక్కించినా ఆగలేదు. కిటికీలోంచి కేకేశాను. వినపడిందో లేదో, లాంచీ మాత్రం టైముకే కదిలింది."

ప్రిన్సిపాల్ లేచింది. కుర్చీ ఏటవాలు గచ్చు మీద వెనక్కి జారిపోయి గోడకు కొట్టుకుంది. ఆ రోజు అన్న రేవులోనే ఉన్నానన్నాడు. కబురు తెలిసేసరికి ఒడ్డున ఉన్నానన్నాడు. పొద్దున చుక్కాని గదిలో అన్నీ చెప్పాడు, ఆ ఒక్కటీ తప్ప. పాఠం చెప్పలేదని రాసియ్యి అని బతిమాలాడు.

"అన్నయ్యా!"

తలుపు దగ్గర ఎవరూ లేరు. తడి బూట్ల జాడ మాత్రం గచ్చు మీద ఉంది. లోపలికి రెండడుగులు, బయటికి చాలా.

కిటికీ అవతల రేవు నుంచి లాంచీ రెండు కూతలు వేసింది. మోకులు విప్పుకున్నప్పుడు వేసే కూతలు. గోడ గడియారంలో పన్నెండు కావడానికి ఇంకా పావుగంట ఉంది. ఆ వేళకు దీవి నుంచి లాంచీ ఏదీ లేదు. రేవు మెట్ల మీదినుంచి కోళ్ళ గంపావిడ అరుపు గాలిలో తేలి వచ్చింది.

"ఒరే ఎవరన్నా పట్టుకోండిరా, సరంగు ఒక్కడే తీసుకుపోతున్నాడు!"